పొయ్యిలో పలక

మేస్త్రీ గోనెసంచి మూతి విప్పేదాకా నేను మామూలుగానే ఉన్నాను. పెరట్లో జామచెట్టుకు ఎడంగా జానెడెత్తు అరుగు కట్టి, దాని మీద మట్టిపొయ్యి కూర్చోబెట్టమని అతనికి చెప్పాను. ఇటుకలు పేర్చాడు, ఎర్రమన్ను తడిపాడు, అంతా బాగానే చేశాడు. ఆఖరున సంచిలోంచి నల్లపలక ముక్కలు తీసి నేల మీద వరసగా పరిచాడు. "పొయ్యి నోటికాడ లోపలెంబడి ఇవి తొడిగి పైన మట్టి మెత్తుతా టీచరమ్మా. అంచు రాలదు, నున్నంగ ఉంటాది. పలకల ఫ్యాక్టరీ కాడ ఊరికే పడుండాయి" అన్నాడు. నేను ఏమన్నానో నాకే సరిగా గుర్తులేదు. గొంతు మాత్రం పక్కింటివాళ్లు మేడ మీదికొచ్చి తొంగిచూసేంత లేచింది. పాపం మేస్త్రీ బిత్తరపోయి ముక్కలన్నీ మళ్లీ సంచిలో వేసుకున్నాడు. "మార్కాపురంలో ఉండి పలకంటే ఇంత కోపమైతే ఎట్లమ్మా" అని గొణుక్కుంటూ ఒట్టి మట్టే మెత్తి, చేతులు కడుక్కున్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలచేత పలకల మీద అక్షరాలు దిద్దించిన పంతులమ్మను నేను. అతనికి ఏమని చెప్పను? టీ ఇచ్చి పంపించాను. ఆ రోజంతా పెరట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. చిన్నప్పుడు మా అవ్వ నన్ను కాలు కాలిన పిల్లి అనేది. అరవై దాటినా ఆ పేరు పోలేదు.

ఆ పొయ్యి నా కోసం కాదు, మా అక్క కోసం. అక్క పేరు సువార్త. నాకంటే నాలుగేళ్లు పెద్ద. రాచర్ల దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటుంది. బావ పోయాడు, కొడుకు పనుల వెంట ఊళ్లు తిరుగుతాడు. నాకా, పింఛను వస్తుంది, సొంత ఇల్లుంది, పలకరించే మనిషి లేదు. వచ్చి నా దగ్గర ఉండమని ఎన్నేళ్లుగానో అడుగుతున్నాను. వస్తుంది, రెండు రోజులుంటుంది, మూడో రోజు పొద్దున్నే సంచి చంకలో పెట్టుకుంటుంది. "నీ గ్యాసు కూడు నాకు సైంచదు మే. మంట ముందర కూర్చోకుంటే నాకు వండినట్టే ఉండదు" అంటుంది. పొయ్యి ఒకటే అడ్డమైతే పొయ్యే పెట్టిస్తాను అని పంతం పట్టాను. అసలు అడ్డం అది కాదని నాకు తెలుసు. మా ఇద్దరి మధ్య నేను చెప్పని మాట ఒకటి యాభై ఏళ్లుగా ఉంది. అది చెప్పకుండా ఆమెను నా ఇంట్లో ఎలా ఉంచుకోను? చెప్పాక ఆమె ఎలా ఉంటుంది? ఈ రెంటి మధ్యా నలుగుతూ పొయ్యి కోసం ఊరంతా తిరిగాను.

పొయ్యి ఎంచుకోవడం ఇంత పనని నేననుకోలేదు. బజార్లో ఒక దుకాణంలో రేకు తొడుగేసి ఎర్రరంగు పూసిన పొయ్యిలు పెట్టారు. గోటితో గీకితే రంగు కింద సిమెంటు కనిపించింది. పక్కింటమ్మాయి ఫోన్లో ఇంకోటి చూపించింది. కుండలాగ పొట్ట, పైన పొగగొట్టం, ఎవరో తోటలో చలి కాచుకుంటున్నారు. మాకు ఎండలు తట్టుకోవడానికే సరిపోతుంది, చలి ఎక్కడ కాచుకోను? చివరికి గిద్దలూరు పోయే రోడ్డు పక్కన పరదా కింద కుండలు పేర్చుకుని కూర్చున్న ఒక కుమ్మరి ఆమె దగ్గర దొరికింది. నేను పైపైన చూసి ఒకదాని మీద చెయ్యి పెడితే ఆమె నవ్వింది. "నున్నంగ ఉందని తీసుకుంటావా అక్కా? ఏలితో కొట్టి ఇను" అంది. కొట్టాను. బొంగురుగా పలికింది. "లోపల పగులుంది. నాలుగు మంటలకే ఇచ్చుకుంటాది. ఇదిగో, ఇది కొట్టు" అని వెనకనుంచి గరుకుగా, వంకరగా ఉన్నదాన్ని ముందుకు జరిపింది. అది ఖంగుమంది. కట్టె పెట్టే నోరు వెడల్పుగా, గిన్నె ఆనే మూడు గుబ్బలు సమంగా ఉన్నాయి. "మొదటి రోజే పెద్దమంట పెట్టద్దు. వేడిమీద నీళ్లు చల్లద్దు. వానకు తడవనీయద్దు" అని ఆమె పిల్లను అత్తారింటికి పంపుతున్నట్టు జాగ్రత్తలన్నీ చెప్పింది. నేను ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

మా చిన్నప్పుడు పొయ్యిని కొనడమనేదే లేదు. మార్కాపురానికి నడిచిపోయేంత దూరంలో మా పల్లె. నాయన పలకల గనిలో రాయి చీల్చేవాడు. అమ్మ కూలికి పోయేది. ఇల్లూ వాకిలీ అంతా అవ్వది, అంటే నాయన తల్లిది. వాకిట్లో వేపచెట్టు నీడ పడేచోట పొయ్యి ఆమె వేసిందే. పుట్టమన్ను తెచ్చి, పేడా ఊకా కలిపి, మూడు రోజులు నానబెట్టి కాళ్లతో తొక్కేది. మధ్యలో గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. ఇంకా కాలేదని మళ్లీ తొక్కేది. పొయ్యి వేశాక తొమ్మిది రోజులు ఎండాలి. అప్పటిదాకా మూడు రాళ్ల మీదే వంట. ఎవరైనా తొందరపడితే, "పచ్చిపొయ్యి ముందర పసిబిడ్డను కూర్చోబెడతావా?" అని కసిరేది. తెల్లారగానే బూడిద ఎత్తడం, అడుగున వేలెడు బూడిద ఉంచి దాని కింద నిప్పు దాచడం, వాన వస్తే పాత గంప బోర్లించడం, ఇవన్నీ ఆమెకు ప్రార్థనంత నియమం. కంది కట్టె చిటపటమని మండే వాసన, తడిసిన పేడ వాసన, అవ్వ కొంగులో ఎప్పుడూ ఉండే పొగవాసన, ఇవి మూడూ కలిస్తేనే నాకు ఇల్లు. ఇప్పుడు నా వంటింట్లో ఏ వాసనా లేదు. దానికి సంతోషించాలో ఏడవాలో ఇంతవరకూ తేల్చుకోలేదు.

పొయ్యి పక్కన ఒక ముంత ఉండేది. పొద్దున ఎసట్లో గింజలు పోసేముందు అవ్వ కళ్లు మూసుకుని ఒక గుప్పెడు ఆ ముంతలో వేసేది. అది దేవుని గుప్పెడు. ఆదివారం ఆ ముంత గుడికి పోతుంది, పాస్టరుగారింట్లో వండుకుంటారు. మా పేటలో వారమంతా జొన్నలు, సజ్జలు, కొర్రలే. వరన్నం ఆదివారం ఒక్కరోజే. అందువల్ల ఇళ్లన్నిట్లోంచీ పోగైన గింజల్ని వేరుచేసుకోవడానికే పాస్టరమ్మకు సోమవారమంతా పట్టేది. ఆమె ఒకసారి గుళ్లో లేచి, "తల్లులారా, దేవుడు కలగలుపు తింటాడు గానీ మా ఆయనకు అరగడం లేదు" అన్నదని ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వేవాళ్లు. ఏమీ లేనిరోజు కూడా అవ్వ ఆ గుప్పెడు మాననిచ్చేది కాదు.

శనివారం పొయ్యి అలకాలి. ఆదివారం పని చేయకూడదు గనుక శనివారమే ఎర్రమన్నూ పేడా కలిపి, రాలిన అంచులు దిద్ది, పైన పూత పూసి ఆరబెట్టాలి. ఆ పని ఒక వారం అక్కది, ఒక వారం నాది. అక్క చేతిలో పొయ్యి కడిగిన ముఖంలాగ ఉండేది. నా చేతిలో ఎప్పుడూ గడ్డలు గడ్డలే. కట్టె పెట్టే నోటి దగ్గర అంచు నేను ఎంత మెత్తినా మర్నాటికి రాలేది, అవ్వ తిట్టేది. అక్క వంతు వచ్చిన ఒక వారం ఆమె పుస్తకం వదలడం లేదు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు సోమవారం మొదలు. మా పేటలో ఆడపిల్ల అంతవరకూ ఆ పరీక్ష రాయలేదు. అందుకని తన వంతు కూడా నామీద పడింది. నాకు ఒళ్లు మండిపోయింది. నాయన గని నుంచి విరిగిన పలకలు తెచ్చి నాకిచ్చేవాడు, వాటిమీద మేకుతో ఎక్కాలు గీకి దాచుకునేదాన్ని. వానకు చూరు కింద నాని ఉన్న వాటిలో నాలుగు ముక్కలు తీశాను. రాలిన అంచు గీకేసి, ముక్కలు నిలువుగా పొదిగి, పైన మట్టి మెత్తి నున్నగా అలికాను. ఎంత తెలివైనదాన్నో అని నాకు నేనే మురిసిపోయాను. అవ్వ వచ్చి చూసి, "ఈ వారం కుదురొచ్చింది పిల్లకు" అంది. ఆ మెప్పు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

పలకరాయి అంతా పొరలు. పొరకూ పొరకూ మధ్య నీళ్లు చేరతాయి, నిప్పు తగిలితే పేలుతుంది. గనిలో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. నేను ఎవరినీ అడగలేదు.

ఆదివారం గుడికి పోకముందే అన్నం వార్చాలి. అమ్మ తల దువ్వుకుంటోంది, అవ్వ ముంతకు గుడ్డ కడుతోంది. అక్క పొయ్యి ముందర వంగి గిన్నె పట్టుకుంది. లోపల ఠప్పుమని ఒక చప్పుడు, వెంటనే ఇంకోటి. అంచు విరిగి ముందుకు పడింది. గిన్నె ఒరిగి మసిలే గంజి అంతా అక్క కుడిచేతి మీద పోసుకుపోయింది. అక్క అరవలేదు. చెయ్యి ముందుకు చాపి అట్లా నిలబడిపోయింది. అరిచింది నేను. కోడిగుడ్డు తెల్లసొన పూశారు, ఎవరో సిరా పూయమన్నారు, సాయంత్రానికి మోచేతి దాకా బొబ్బలు లేచాయి. సోమవారం అక్క బడికి పోలేదు. ఆ వారం పోలేదు. మళ్లీ సంవత్సరం రాస్తుందిలే అన్నారు. చెయ్యి మానేసరికి కలుపుల కాలం వచ్చింది, అమ్మ వెంట చేనికి పోయింది. ఇద్దరు ఆడపిల్లల్ని చదివించే ఇల్లు కాదు మాది. నేను హాస్టల్లో చేరాను, టీచరునయ్యాను. అక్క రాచర్ల దగ్గరికి కాపురానికి పోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అవ్వ విరిగిన పొయ్యిని కెలికి మసిబారిన పలక ముక్కలు బయటికి లాగింది. వాటిని నాయన ముఖం ముందు పెట్టింది. "పలకలు ఇంటికి తెచ్చేది నువ్వు. పొయ్యిలో పెట్టింది నువ్వు గాక ఇంకెవురు?" అని అడిగింది. నాయన ఒక ముక్క తీసుకుని తిప్పిచూశాడు. కాలని మూలన నేను మేకుతో గీకిన రెండో ఎక్కం కనిపిస్తోంది. నేను గడప పక్కన నిలబడి ఆయన్నే చూస్తున్నాను. ఆయన నావైపు చూడలేదు. ముక్కను పంచె మడతలో పెట్టుకుని, "నేనే పెట్టినా. పొరపాటైంది" అన్నాడు. అక్క చాప మీద పడుకుని వింటోంది. ఆ తరువాత నాయన నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. శనివారం నా వంతు వచ్చినప్పుడు మాత్రం బీడీ ముట్టించుకుని పొయ్యి పక్కనే కూర్చునేవాడు. నేను అలకడం అయ్యేదాకా కూర్చుని, లేచి వెళ్లిపోయేవాడు.

అక్క ఆయన్ను నాయనా అని పిలవడం మానేసింది. "ఆయన్ను తినమను", "ఆయనకు నీళ్లియ్యి" అని అమ్మతో అనేది. పెళ్లయి పోయాక పండగకు వచ్చినా ఆయనకు వడ్డించేది కాదు. పలకదుమ్ముకు ఊపిరితిత్తులు చెడి ఆయన మంచాన పడితే రాలేదు. పోయాక వచ్చింది. ఆ కోపమంతా పెళ్లి సంబంధం నచ్చకపోవడం వల్లేమో అనుకునేదాన్ని అని రాయబోయాను. అబద్ధం. ఎందుకో నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. చిన్నపిల్లప్పుడు భయం, పెద్దయ్యాక సిగ్గు, ఉద్యోగం వచ్చాక ఇప్పుడెందుకులే అన్న బద్ధకం. మనిషి తప్పించుకోవాలనుకుంటే సాకులకు కరువుండదు.

మేస్త్రీ పోయిన మూడో రోజున అక్క వచ్చింది. పొయ్యి చూసి ముఖం విప్పారింది. చుట్టూ తిరిగింది, నోట్లో చెయ్యి పెట్టి తడిమింది, వేలితో కొట్టి వింది. "మంచిదే ఏరినావు మే. నీకింత తెలివి యాడిదీ?" అని ఎగతాళి చేసింది. పక్కనుండే గంపలోంచి కంది పుల్లలు తీసి విరుస్తోంది. చీర చెంగు పక్కకు తొలిగి, మోచేతి దాకా ముడతపడి మెరిసే ఆ చర్మం కనిపించింది. నేను కూర్చోలేకపోయాను. లేచాను, మళ్లీ కూర్చున్నాను. "ఏందే ఆ తిరగడం, తేలు కుట్టినట్టు?" అంది.

"అక్కా, ఆ పలక పెట్టింది నాయన కాదు. నేను" అన్నాను.

ఏ పలక అని అడగలేదు. పుల్ల విరవడం ఆపింది. అంతా చెప్పాను. నీ వంతు నామీద పడిందన్న కోపం, చూరు కింద నానిన ముక్కలు, రెండో ఎక్కం, అన్నీ. చెప్పేటప్పుడు నాకు ఏడుపు వచ్చింది, ఆమెకు రాలేదు.

"నాయనకు తెల్సునా?" అంది.

"తెలుసు."

చేతిలో పుల్లను గంపలో పడేసింది. "ఆయన ఒకతూరి మా ఊరికొచ్చినాడు" అంది. "నీకు తెల్దు. ఎవురికీ చెప్పలా. దగ్గుకుంటా బస్సు దిగి, ఇంటి ముందర కూర్చున్నాడు. నీ చెయ్యి ఒకసారి చూపీ బిడ్డా అన్నాడు. చూసి, తప్పైపోయింది బిడ్డా, మన్నించు అన్నాడు. నేను చెయ్యి ఇడిపించుకొని బిందె తీసుకొని నీళ్లకు పోయినా. తిరిగొచ్చేపాటికి లేడు. చెయ్యని తప్పుకు ఆయన నన్ను మన్నించమని అడిగినాడు, నేను మన్నించలా. నువ్వేమో ఈడ పిల్లోళ్లకు నీతులు చెప్పుకుంటా ఉండావు."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. విదిలించుకుంది. తెచ్చిన సంచి విప్పనైనా లేదు, దాన్నే చంకన పెట్టుకుని బస్టాండుకు నడిచింది. ఆటో పిలుస్తానన్నా ఆగలేదు.

తరువాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఫోను చేస్తే ఎత్తదు. ఆమె కొడుక్కు చేస్తే, "అమ్మ బాగానే ఉంది పిన్నీ" అంటాడు. పొద్దున లేచి పెరట్లోకి పోయేదాన్ని. శనివారాలు పొయ్యి అలికేదాన్ని. టౌనులో పేడ దొరకడం గగనం, పాలవాళ్లింటి ముందు బకెట్టుతో నిలబడితే నా దగ్గర చదువుకున్నవాళ్లు నమస్కారం పెట్టి వింతగా చూసేవాళ్లు. మంట మాత్రం పెట్టలేదు. నాయన ఎందుకు చెప్పలేదా అని ఆలోచించేదాన్ని. నన్ను కాపాడాలనా? అలా కాపాడి అక్కను పోగొట్టుకున్నాడు. అది ప్రేమే అయితే, ఆ ప్రేమంతా తిన్నది నేనొక్కదాన్నే. ఈ మాట తోచినప్పుడల్లా ఇంట్లో నిలవలేక చెప్పులేసుకుని వీధి చివరిదాకా పోయి వచ్చేదాన్ని.

నాలుగో శనివారం మధ్యాహ్నం గేటు ముందు ఆటో ఆగింది. అక్క దిగింది. ఆటో అబ్బాయి వెనకనుంచి బరువైన గోనెసంచి దించాడు. నేరుగా పెరట్లోకి పోయి, నా గడ్డపార అందుకుని, నేను అంత తిరిగి ఎంచుకున్న పొయ్యిని రెండే దెబ్బలకు పగలగొట్టింది. మేస్త్రీ మెత్తిన మట్టిని వేళ్లతో చిదిమి చూసింది. పెంకులు ఒక్కోటి తిప్పి చూసింది.

"దాంట్లో ఏం లేదక్కా" అన్నాను.

"నువ్వు చెప్తే నమ్మాల్నా?" అంది.

గోనెసంచిలో పుట్టమన్ను. రాచర్ల నుంచి మోసుకొచ్చింది. పేడ తెమ్మంది, ఊక తెమ్మంది, తెచ్చాను. మూడు రోజులు నానబెట్టింది. చీర పైకి దోపుకుని తొక్కమంది, తొక్కాను. మోకాళ్లు పట్టేసినా ఆగనివ్వలేదు. మధ్యలో గుప్పెడు తీసి అవ్వలాగే ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంకా కాలా, తొక్కు" అంది. పొయ్యి ఆమే వేసింది, నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. "తొమ్మిది నాళ్లు ఎండాల. ఎండేదాక ఉంటా" అంది. ఆ తొమ్మిది రోజులూ నా గ్యాసు కూడే తింది. నాతో ఉప్పు, కారం, పాలు అన్న మాటలు తప్ప మాట్లాడలేదు.

పదో రోజు బియ్యం కడిగేముందు వంటింట్లోంచి ఒక స్టీలు డబ్బా తెచ్చి పొయ్యి పక్కన పెట్టుకుంది. కుడిచేత్తో ఒక గుప్పెడు తీసి అందులో వేసింది. "ఇది నాయనది" అంది. అప్పుడు ఏడ్చింది. నేను దగ్గరికి పోలేదు, పొమ్మంటుందేమోనని అక్కడే నిలబడ్డాను. పొమ్మనలేదు.

ఇప్పటికి ఎన్నో శనివారాలు అలికింది. ఊరి మాట ఎత్తడం లేదు, సంచి దండేనికి తగిలించే ఉంది. మన్నించావా అని నేను అడగలేదు, అడగను. రోజూ పొద్దున కంది పుల్లలు పేర్చి, అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుని, నావైపు తిరుగుతుంది.

"ఏం పెట్టలేదు గదా?" అంటుంది.

"లేదక్కా" అంటాను.

తన కుడిచెయ్యి పొయ్యి లోపలికి పెట్టి, చుట్టూ తడిమి చూసుకుని, ఆ తరువాతే అగ్గిపుల్ల గీస్తుంది.